ఎవరి మీద కోప్పడాలి? 1983కు ముందు ఆంధ్ర ఓటరు

(పాత్రికేయ విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత విలేకరి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. పిల్లలు అన్నందుకు ఏమీ అనుకోకండి. నేను చెప్పబోయే ఎన్నిక జరిగేనాటికి మీలో చాలామంది తల్లిదండ్రులకే ఓటు లేదు. అప్పట్లో ఓటు హక్కు ఇరవై ఒకటో ఏట వచ్చేది. పద్దెనిమిదికి తగ్గింది ఆ తర్వాత.

చాలాకాలం ఏలిన పార్టీ మీద జనానికి విసుగు ఎలా పుడుతుంది, దాన్ని ఎన్నికలకు ముందే పసిగట్టడం ఎలా అన్నది నాకు ఇచ్చిన అంశం. రెండో సగానికి నా దగ్గర జవాబు ఉంటే ఈపాటికి సర్వే కంపెనీ పెట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి. (నవ్వులు) మొదటి సగం గురించి మాత్రం చెబుతాను. దానికి మన ఇంట్లోనే మంచి ఉదాహరణ ఉంది. అందరికీ తెలుసనుకుంటూ ఎవరూ సరిగా చూడని ఉదాహరణ.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆనాటి నుంచి 1983 జనవరి దాకా కాంగ్రెస్ తప్ప మరో పార్టీ మనిషి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోలేదు. మధ్యలో 1973లో పదకొండు నెలలు రాష్ట్రపతి పాలన. అంతే. అయితే ఈ ఇరవై ఆరేళ్ళ లెక్క కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇంకొకటి ఉంది. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తర భారతమంతా కాంగ్రెస్‌ను ఊడ్చిపారేసింది. సాక్షాత్తూ ఇందిరాగాంధీయే రాయబరేలీలో ఓడిపోయారు. అదే ఎన్నికలో మనం ఏం చేశాం? 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ చేతిలో పెట్టాం. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి గారు. 1980 జనవరిలో మళ్ళీ అడిగితే మళ్ళీ 41. ఉత్తరాదంతా తిరగబడినా తిరగబడని రాష్ట్రం, సరిగ్గా మూడేళ్ళ తర్వాత 294 అసెంబ్లీ స్థానాల్లో ఆ పార్టీకి 60 మాత్రమే విదిల్చింది. మూడేళ్ళలో ఏం జరిగింది?

ఇక్కడ అందరూ చెప్పే జవాబు ఒకటుంది. సినిమా నటుడు ఎన్.టి. రామారావు గారు వచ్చారు, ఊపేశారు, గెలిచారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటన, పాత షెవర్లే వ్యానును మార్చి చేసిన చైతన్యరథం, ఖాకీ దుస్తులు, రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, తొమ్మిది నెలల్లో అధికారం. కథ బాగుంటుంది, అబద్ధం కూడా కాదు. కానీ తెర మీద దేవుడిగా కనిపించినంత మాత్రాన ఓట్లు రాలిపోతాయా? తమిళనాట శివాజీ గణేశన్ కంటే పెద్ద నటుడు ఎవరు? ఆయన సొంత పార్టీ పెట్టి, 1989లో తాను నిలబడ్డ తిరువయ్యారులోనే ఓడిపోయారు. మన చిరంజీవి గారికి అభిమానులు తక్కువా? 2009లో ప్రజారాజ్యానికి వచ్చినవి 18 సీట్లు. ఆయన పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. అంతెందుకు, సాక్షాత్తూ రామారావు గారే 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు. కాబట్టి మహానటుడు ఒక్కడే సరిపోడు. ఆయన వచ్చి నిలబడేసరికి ఊళ్ళో జనం మనసులో అప్పటికే ఏదో తెగి ఉండాలి. ఆ తెగినదేమిటో చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. కాంగ్రెస్ మీద ఈ రాష్ట్రంలో కోపం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోపం దండిగా ఉంది. 1969లో తెలంగాణ రగిలిపోయింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితి గెలుచుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరించే తీర్పు అది. ఆ తీర్పు ఏమైంది? కొద్ది నెలలకే ఆ సమితి వెళ్ళి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. సమితిని నడిపిన మర్రి చెన్నారెడ్డి గారు ఏడేళ్ళు తిరిగేసరికి కాంగ్రెస్ ముఖ్యమంత్రి. ఇటు 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన నాయకుల్లో చాలామంది కాంగ్రెస్ వాళ్ళే, ఉద్యమం చల్లారాక సర్దుకున్నదీ కాంగ్రెస్‌లోనే. ఓటరు స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. కోపం వచ్చి వ్యతిరేకంగా ఓటేశారు, మీ మనిషి గెలిచాడు, గెలిచినవాడు వెళ్ళి మీరు ఎవరి మీద కోప్పడ్డారో వాళ్ళ పంక్తిలోనే విస్తరి వేసుకున్నాడు. రెండోసారి కోపం వస్తే ఎవరికి వేస్తారు?

1978 అసెంబ్లీ లెక్క చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అప్పటికి కాంగ్రెస్ రెండు ముక్కలైంది. అందులో ఇందిరాగాంధీ ముక్కకు, అంటే ఇందిరా కాంగ్రెస్‌కు, 175 సీట్లు వచ్చాయి. చూడటానికి ఘనవిజయం. ఓట్లు ఎన్ని? 39 శాతం. జనతా పార్టీకి 28 శాతానికి పైగా, రెండో ముక్కకు, అంటే మాజీ ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి గారి కాంగ్రెస్‌కు, 17 శాతం దాకా. అంటే ఓడిన ఇద్దరి ఓట్లు కలిపితే గెలిచినవాళ్ళ కంటే ఎక్కువ. ఐదేళ్ళ తర్వాత 1983లో, మనం ప్రభంజనం అని చెప్పుకునే ఆ ఎన్నికలో, కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు మూడో వంతు, 33 శాతానికి కాస్త పైన. 39 నుంచి 33. ఆరు శాతం తగ్గితే 175 సీట్లు 60 అయ్యాయి.

ఈ లెక్క చెప్పగానే తెలివైన విద్యార్థి ఎవరైనా లేచి, 'అయితే పెద్దగా మార్పేమీ లేదన్నమాట, ప్రతిపక్షం ఒక్కటైంది, అంతే కదా' అని అడగాలి. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. (నవ్వులు) అంత సులువు కాదు. 1978లో కాంగ్రెస్ రెండుగా చీలి ఉంది. తర్వాత రెండో ముక్కలోని జనం చాలామంది మెల్లగా ఇందిరమ్మ గూటికి చేరారు. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి ఇక్కడ సగానికి పైగా ఓట్లు వచ్చాయి. సగానికి పైగా ఉన్నది మూడేళ్ళలో మూడో వంతుకు పడిపోవడం చిన్న పతనం కాదు. రెండు లెక్కలూ నిజమే. పాత కోపం ఎప్పటినుంచో ఉంది, దానికి పోయే చోటు లేదు. దాని మీద 1980 తర్వాత కొత్త విసుగు ఒకటి వచ్చి చేరింది. ఆ కొత్త విసుగు గురించే నేను ఎక్కువ మాట్లాడాలి.

అప్పట్లో కాంగ్రెస్ అధిష్ఠానం దగ్గర ఒక మందు ఉండేది. రాష్ట్రంలో అసంతృప్తి పెరిగితే ముఖ్యమంత్రిని మార్చడం. దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి, చాలా ఏళ్ళు బ్రహ్మాండంగా పనిచేసిన మందు అది. పాతాయన మీద కోపం పాతాయనతోనే పోతుంది, కొత్తాయన మీద ఆశ కొత్తగా పుడుతుంది, పార్టీ మాత్రం పదిలంగా ఉంటుంది. 1971లో బ్రహ్మానందరెడ్డి గారిని దించి పీవీ గారిని కూర్చోబెట్టినప్పుడు జరిగింది అదే. అయితే అప్పటికి బ్రహ్మానందరెడ్డి గారు ఏడేళ్ళకు పైగా పాలించారు. తర్వాత వెంగళరావు గారు నాలుగేళ్ళకు పైగా ఉన్నారు. ఆయన మీద జనానికి మెప్పు ఉంటే ఉంది, తిట్టు ఉంటే ఉంది. ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరిని తిట్టాలో తెలుసు.

1978 తర్వాత మోతాదు మించింది. చెన్నారెడ్డి గారు 1980 అక్టోబరులో దిగారు, అంజయ్య గారు వచ్చారు. 1982 ఫిబ్రవరిలో అంజయ్య గారు దిగారు, భవనం వెంకట్రామిరెడ్డి గారు వచ్చారు. ఏడు నెలలైనా నిండకుండానే ఆయనా దిగారు, సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు. ఒక అసెంబ్లీ, నలుగురు ముఖ్యమంత్రులు. వీళ్ళలో దుర్మార్గులు ఎవరూ లేరు, అది కూడా చెప్పాలి. అంజయ్య గారు ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా బతుకు మొదలుపెట్టిన మనిషి, మనసున్న మనిషి. భవనం గారు చదువుకున్నవారు. కోట్ల గారు పెద్దమనిషి అని ప్రత్యర్థులే ఒప్పుకునేవారు. మనుషులతో పేచీ లేదు. వాళ్ళు రావడమూ పోవడమూ ఈ రాష్ట్రంలో ఎవరి చేతిలోనూ లేదు, పేచీ అక్కడ. శాసనసభా పక్షం సమావేశమవుతుంది, ఢిల్లీ నుంచి పరిశీలకుడు వస్తాడు, కవరు తీస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. 'సీల్డు కవరు ముఖ్యమంత్రి' అన్న మాట పల్లెటూరి టీ కొట్టులో కూడా నలిగిన రోజులవి.

ఇదంతా హైదరాబాదు గొడవ, పల్లెటూరి రైతుకు ఏం పట్టింది అంటారేమో. నాకు బాగా గుర్తున్న ఒక సంగతి చెబుతాను. అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో తాలూకా విలేకరిని. విలేకరి అంటే జీతం కాదు, అచ్చయిన వార్త కొలత వేసి డబ్బు పంపేవారు. ఒక ఊరికి వాగు అడ్డం. వానాకాలం వస్తే బడి పిల్లలు, పాల బిందెలు, పురిటి నొప్పుల ఆడవాళ్ళు, అందరూ వాగు తగ్గేదాకా ఆగాల్సిందే. చప్టా వేయించమని సర్పంచ్ అర్జీ పెట్టాడు. తాలూకా ఆఫీసు ఎదుట చెట్టు కింద టైపు మిషను పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడు. మొదటి అర్జీ 'గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ మర్రి చెన్నారెడ్డి గారికి' అని మొదలైంది. అది పంచాయతీ సమితి ప్రెసిడెంటు చేతికి, ఆయన నుంచి మంత్రి చేతికి వెళ్ళింది. 'చూద్దాం' అన్నారట. ఈలోగా మంత్రివర్గమే పోయింది. రెండో అర్జీ అంజయ్య గారి పేరు మీద. విషయం ఒక్క అక్షరం మారలేదు, పై వరుస ఒక్కటే మారింది. మళ్ళీ ప్రభుత్వం మారింది. మూడోసారి సర్పంచ్ వెళ్ళేసరికి టైపు ఆయన కాగితం ఎక్కిస్తూ, 'పేరు వద్దండీ సర్పంచ్ గారూ, ఉత్తి ముఖ్యమంత్రి గారికి అని కొడతాను, ఎవరున్నా పనికొస్తుంది, మళ్ళీ మళ్ళీ డబ్బులు దండగ' అన్నాడు. అక్కడున్న వాళ్ళందరం నవ్వాం. సర్పంచ్ నవ్వలేదు. ఆయన ముప్పై ఏళ్ళుగా కాంగ్రెస్ మనిషి.

ఆ సర్పంచ్ ఇబ్బంది చప్టా ఒక్కటే కాదని నాకు తర్వాత అర్థమైంది. అప్పటి పల్లెల్లో కాంగ్రెస్ అంటే ఏమిటి? సిద్ధాంతమా? జెండానా? అది ఒక మనుషుల వరుస. పైన మంత్రి, ఆయన కింద జిల్లా పరిషత్ చైర్మన్, ఆయన కింద పంచాయతీ సమితి ప్రెసిడెంటు, ఆయనకో ప్రభుత్వ జీపు, ఆ జీపు దుమ్ము లేపుకుంటూ వస్తే ఎదురెళ్ళే సర్పంచ్, సహకార సంఘం ప్రెసిడెంటు, కరణం, మునసబు. రైతుకు అప్పు కావాలన్నా, బావికి కరెంటు కావాలన్నా, కొడుక్కి బంట్రోతు ఉద్యోగం కావాలన్నా ఈ వరుసలో ఎవరో ఒకరు మాట చెప్పాలి. దానికి బదులుగా ఎన్నికల రోజు వీళ్ళు మాట చెబుతారు, పాలెం పాలెం ఆ గుర్తు మీద గుద్దుతుంది. ఇందులో నీతి ఉందా లేదా అన్నది వేరే సంగతి. పనిచేసేది.

ఈ వరుస పనిచేయాలంటే పైనున్నవాడు కొన్నాళ్ళు కుదురుగా ఉండాలి. సమితి ప్రెసిడెంటుకు తెలిసిన మంత్రి మూడు నెలలకు మాజీ అయితే ఆ ప్రెసిడెంటు మాటకు విలువ ఎక్కడిది? అంజయ్య గారి మంత్రివర్గంలో అన్ని వర్గాలనూ తృప్తిపరచాలని అరవై మంది దాకా మంత్రులను తీసుకున్నారు. జంబో మంత్రివర్గం అని పత్రికలు గేలి చేశాయి. ప్రతి వర్గానికీ ఓ మంత్రి దొరికాడు, ఏ మంత్రి సంతకానికీ బలం లేదు. పైగా ఎవరికి వారు ఢిల్లీ ప్రయాణాలు. జిల్లా నుంచి హైదరాబాదు వెళ్ళిన మనిషికి 'సారు ఢిల్లీలో ఉన్నారు' అన్న సమాధానం. పని చేయించలేని పెద్దమనిషి మాట మీద ఓటు ఎందుకు వేయాలి? పల్లెల్లో కాంగ్రెస్ కూలింది ఇక్కడ. రామారావు గారి రథం ఆ ఊరికి రాకముందే కూలింది.

ఇప్పుడు బేగంపేట. 1982 ఫిబ్రవరిలో విమానాశ్రయంలో రాజీవ్ గాంధీకి అంజయ్య గారు జనంతో, దండలతో స్వాగతం పలకబోయారు. అప్పటికి రాజీవ్ ఒక ఎంపీ మాత్రమే. ఆ ఆర్భాటం చూసి ఆయన అందరి ఎదుటా ముఖ్యమంత్రిని మందలించారు. అంజయ్య గారు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. ఆ నెల దాటకుండానే పదవీ పోయింది. తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదానికి పునాది ఇదేనని పుస్తకాల్లో రాస్తారు. నాకు కొంచెం అనుమానం. ఆ రోజు రన్‌వే మీద ఎవరున్నారు? కొందరు నాయకులు, అధికారులు, విలేకరులు. అప్పుడు ఊళ్ళలో టీవీ లేదు. రేడియో సర్కారుది, అది ఇలాంటివి చెప్పదు. సంగతి పత్రికల ద్వారానే పాకింది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు అప్పటికి ఊరూరా తెల్లవారేసరికి చేరుతోంది, అది చిన్న మార్పు కాదు. అయినా ముఖ్యమంత్రిని ఎవరో కసురుకుంటే దర్శి తాలూకా రైతుకు అంత కోపం ఎందుకు రావాలి? తన అర్జీకి ఏం జరిగిందో అది ముఖ్యమంత్రికీ జరుగుతోందని అతనికి అర్థమైంది కాబట్టి. మా ముఖ్యమంత్రికే దిక్కు లేకపోతే మాకేం దిక్కు అన్న ఆలోచన అది. మూడు అర్జీల అనుభవం లేకపోతే బేగంపేట వార్త రెండు రోజుల్లో పాతబడేది.

ఇక బియ్యం సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. రామారావు గారు కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తామన్నారు. అధికారంలో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? ఎన్నికలకు ముందు విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. గమనించండి. ఒకరు హామీ ఇచ్చారు, ఇంకొకరు అంతకంటే పది పైసలు తక్కువకు నిజంగానే ఇచ్చారు. లెక్క ప్రకారం ఎవరు గెలవాలి? చౌక డిపో ముందు వరుసలో నిలబడి ఆ రూపాయి తొంభై పైసల బియ్యం సంచిలో పోయించుకున్న ఆడవాళ్ళే రామారావు గారి రథానికి హారతులు పట్టారు. నేను అడిగితే ఒకావిడ చాలా మర్యాదగా చెప్పింది: 'ఆయన అడగబట్టే కదయ్యా వీళ్ళు ఇచ్చింది. ఆయన గెలవకపోతే ఓట్ల మర్నాటి నుంచి ఇస్తారంటావా?'

విసుగు ఈ స్థాయికి వచ్చాక ప్రభుత్వం చేసే మంచి కూడా ప్రత్యర్థి ఖాతాలోకే పోతుంది. మీరు రేపు పత్రికల్లో చేరాక చూడండి, ఎన్నికల ముందు సర్కారు వరాల మీద వరాలు ప్రకటిస్తుంటే ఎన్ని ఓట్లు పెరుగుతాయని లెక్కలు వేయమంటారు. పథకం విలువ ఎంత అని ఒక్కటే అడిగితే లాభం లేదు. అది ఎన్నాళ్ళుంటుందని జనం అనుకుంటున్నారో అడగండి.

ఇంత విసుగు ఉంటే పైకి కనబడాలి కదా అని మీకు సందేహం రావచ్చు. కనబడలేదు. 1982 డిసెంబరులో ఇందిరాగాంధీ రాష్ట్రమంతా తిరిగారు. సభలు కిటకిటలాడాయి. లారీల్లో తోలుకొచ్చిన జనం కొందరు, తమంతట తాము వచ్చినవాళ్ళు అంతకంటే ఎక్కువ. ఇందిరమ్మ అంటే నిజంగానే అభిమానం. ఆమె గుర్తు మీద ఏళ్ళ తరబడి ఓటేసిన ముసలమ్మలు ఆమెను చూసి కళ్ళు తుడుచుకున్నారు. సభకు వచ్చినవాళ్ళు అబద్ధం ఆడలేదు. ఆమెను చూడటానికి వచ్చారు, చూశారు, వెళ్ళారు. ఓటు మాట వేరు. ఢిల్లీ ఓటు, హైదరాబాదు ఓటు వేరువేరన్న తెలివి ఈ రాష్ట్రంలో అంత గట్టిగా కనిపించడం అదే మొదటిసారి అని నా అభిప్రాయం. అంతకుముందు రెండూ ఢిల్లీలోనే తేలేవి కాబట్టి వేరుచేయవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

మరి లోపలి సంగతి ఎక్కడ బయటపడింది? ఇళ్ళలో. నాకు తెలిసిన ఒక సమితి మాజీ ప్రెసిడెంటు గారింట్లో ఆయన వీధి అరుగు మీద కూర్చుని హస్తం గుర్తుకు పని చేయిస్తుంటే, కొడుకు పెరటి గుమ్మం నుంచి సైకిల్ జెండాలు పంపిస్తున్నాడు. తండ్రికి తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. ఆ మౌనం వార్త. కానీ ఆ వార్తను ఏ శీర్షికతో రాస్తారు? ఏ ఎడిటరు వేస్తాడు? పాత వరుసలోని మనుషులు పార్టీ మారలేదు, అలాగని పనీ చేయలేదు. పోలింగ్ ఏజెంట్లుగా కూర్చున్నారు, చీటీలు పంచారు, మధ్యాహ్నం ఇంటికి పోయి భోంచేసి పడుకున్నారు. కుర్రాళ్ళు మాత్రం ఓటు లేనివాళ్ళు కూడా సైకిళ్ళేసుకుని ఊరూరా తిరిగారు. తెలుగుదేశం అభ్యర్థుల్లో చాలామంది డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు. అంతకుముందు ఎన్నికల్లో నిలబడ్డ అనుభవమే లేదు. అనుభవం లేకపోవడమే అప్పుడు అర్హత అయింది.

ఎన్నికలు కాస్త ముందుకు జరిపారు, కొత్త పార్టీ కుదురుకోకముందే ముగిద్దామని. 1983 జనవరి 5న పోలింగ్. పొద్దున్నే చలిలో ఆడవాళ్ళ వరుసలు పొడుగ్గా ఉన్నాయి, మగవాళ్ళ వరుసల కంటే పొడుగ్గా. ఫలితాలు మీకు తెలుసు. తెలుగుదేశానికి రెండు వందలకు పైగా. కమ్యూనిస్టులు విడిగా నిలబడి రెండు పార్టీలూ కలిపి తొమ్మిదితో సరిపెట్టుకున్నారు. వాళ్ళది ఇంకో కథ, అది మొదలుపెడితే రాత్రవుతుంది. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణ స్వీకారం. మనలాగే జనవరి 5న పోలింగ్ జరిగిన కర్ణాటకలో కూడా కాంగ్రెస్ మొదటిసారి అధికారం పోగొట్టుకుంది. అక్కడ రామారావు గారు లేరు, సినిమా హీరో ఎవరూ లేరు. ఈ సంగతి మన పుస్తకాల్లో ఎందుకో ఎక్కువగా కనిపించదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: ముఖ్యమంత్రులను మార్చడమే కారణమైతే బెంగాల్‌లో వామపక్షం ఎందుకు ఓడిపోయింది సార్? అక్కడ ఎవరినీ మార్చలేదు కదా?)

మంచి ప్రశ్నమ్మా. అక్కడ నా లెక్క పనిచేయదు. 1977 నుంచి 2011 దాకా ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరే ముఖ్యమంత్రులు, జ్యోతి బసు, బుద్ధదేవ్ భట్టాచార్య. కోపం ఎవరి మీద చూపాలో అక్కడ అందరికీ తెలుసు, బుద్ధదేవ్ గారు జాదవ్‌పూర్‌లో తానే ఓడిపోయారు. అక్కడి సమస్య తిరగేసిన సమస్య. మన దగ్గర ఊళ్ళో పార్టీ మనిషి మాట చెల్లక పార్టీ పోయింది. అక్కడ ఊళ్ళో పార్టీ మనిషి మాటే అన్నిటికీ చెల్లి, ఇంటి తగాదా నుంచి బడి ఉద్యోగం దాకా పార్టీ ఆఫీసే తీర్చి, ఊపిరాడక పోయింది. దాని మీద సింగూరు, నందిగ్రామ్ భూముల గొడవ. 2006లో 235 సీట్లు, 2011లో 62. కానీ ఒక పోలిక ఉంది. ఓడినప్పుడు కూడా వాళ్ళకు 41 శాతం దాకా ఓట్లు వచ్చాయి. సీట్లు చూసి పార్టీ చచ్చిపోయిందని రాసేయకూడదు, ఓట్లు చూడాలి. అక్కడ తర్వాత ఆ ఓట్లు కూడా పోయాయనుకోండి, అది వేరే.

(మరో విద్యార్థి: 1983లో కాంగ్రెస్‌కు మిగిలిన మూడో వంతు ఓటర్లు ఎవరు? వాళ్ళకు విసుగు లేదా?)

ఉంది నాయనా, వాళ్ళకూ ఉంది. విసుగున్న ప్రతివాడూ ఓటు మార్చడు. కొందరికి కులం, కొందరికి భూమి ఇచ్చిన ఇందిరమ్మ, కొందరికి అలవాటు. పైగా కొత్తవాళ్ళ మీద విసుగు పుట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. రామారావు గారు వచ్చిన నెలలోనే ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించారు. నిన్నటిదాకా సైకిల్‌కు ఓటేసిన గుమాస్తాలే సమ్మెకు దిగారు. 1984లో ఆయన్ను అన్యాయంగా దించారు కాబట్టి జనం మళ్ళీ ఆయన వెనుక నిలబడ్డారు. లేకపోతే ఏమయ్యేదో చెప్పలేం. 1989లో మాత్రం దించేశారు. కాంగ్రెస్‌కు 181 సీట్లు వచ్చాయి. ఆ మూడో వంతు ఓటర్లే దాదాపు ఏడేళ్ళు ఆ పార్టీని బతికించి ఉంచారు.

బతికి వచ్చిన పార్టీ ఏం చేసిందో కూడా చెప్పి ముగిస్తాను, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. 1989 డిసెంబరులో చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి ఆయన దిగి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు వచ్చారు. 1992 అక్టోబరులో ఆయనా దిగారు. కొత్తాయనను తెచ్చారు. ఎవరనుకుంటున్నారు? కోట్ల విజయభాస్కరరెడ్డి గారే. 1983 ఎన్నికలప్పుడు కుర్చీలో ఉన్నది ఆయనే, 1994 ఎన్నికలప్పుడు ఉన్నదీ ఆయనే. ఈసారి కాంగ్రెస్‌కు వచ్చినవి 294లో 26. నమస్కారం.